అన్నిటికీ ఒకే లెన్స్

గేదెల ఉమాపతి పెళ్లి చేసుకోవడానికి పదిహేను రోజులు ఆలోచించాడు. కెమెరాకి లెన్స్ కొనడానికి ఎనిమిది నెలలు ఆలోచించాడు. ఈ లెక్క అతని భార్య హైమావతి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ కాఫీతో పాటు అందించేది.

ఉమాపతి డివిజన్ విద్యాధికారి కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. వారంలో ఆరు రోజులు ఫైళ్లు, ఏడో రోజు కెమెరా. బంధువుల పెళ్లిలో పందిరంతా ఒక్క ఫోటోలో పట్టాలంటే ఒక లెన్స్ కావాలి, కాలువ అవతలి కొంగ ముక్కు కనబడాలంటే ఇంకోటి కావాలి. పందిట్లోంచి కొంగ దగ్గరికి పరిగెత్తి లెన్స్ మార్చేలోపు కొంగ తన పని చూసుకుని వెళ్లిపోయేది. అందుకని రోజువారీ వాడకానికి అన్నిటికీ పనికొచ్చే ఒక్క జూమ్ లెన్స్ కోసం వెతుకులాట మొదలుపెట్టాడు. ఇంటర్నెట్‌లో ఇటుక గోడలను ఫోటో తీసి, మూలలు మసకబారాయని కుమిలిపోయేవాళ్లు రాసిన రాతలన్నీ చదివాడు. తనకు ఏనాడూ ఇటుక గోడ ఫోటో తీయాలని అనిపించకపోయినా వాళ్లతో పాటు తనూ కుమిలిపోయాడు. చివరికి పద్దెనిమిది నుంచి మూడు వందల మిల్లీమీటర్ల దాకా తిరిగే లెన్స్ ఒకటి కొన్నాడు. పద్దెనిమిది వైపు తిప్పితే లోకమంతా ఫోటోలో పడుతుంది, కాకపోతే దూరంలో ఉన్నది చీమంత అయిపోతుంది. మూడు వందల వైపు తిప్పితే ఎక్కడో ఉన్నది ముందుకొచ్చేస్తుంది, ఒకదాని వెనక ఒకటి ఉన్నవి ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు కనబడతాయి.

కొన్న తర్వాత వచ్చిన మొదటి ఆదివారం ఆ లెన్స్‌తో జీలుగువలస వెళ్లాడు. ఆ ఊళ్లో హైమావతి ఏకైక టీచరు, బళ్లో ఇరవై ముగ్గురు పిల్లలు. ఊరి వెనక చిన్న కొండలా లేచిన మెట్ట ఎక్కి, లెన్స్‌ని మూడు వందలకి తిప్పి చూశాడు. బడి పెంకులు, ఆ పెంకుల వెనకే ఆనుకుని పట్టణంలోని పెద్ద బడి మూడంతస్తులూ, దాని మీద నీళ్ల ట్యాంకూ. మధ్యలో ఉండాల్సిన రెండున్నర కిలోమీటర్ల కాలువ గట్టు ఎటు పోయిందో తెలియదు. అతనికి ముచ్చటేసింది. ఆ ఫోటోకి ‘ఇరుగు పొరుగు’ అని పేరు పెట్టి ఉద్యోగుల ఫోటోల పోటీకి పంపాడు. ప్రోత్సాహక బహుమతిగా స్టీలు టిఫిన్ డబ్బా వచ్చింది.

అంతటితో ఆగిపోయి ఉంటే బాగుండేది. డబ్బా అందించిన చేత్తోనే డివిజన్ విద్యాధికారి బుద్ధవరపు సత్యకామేశ్వరంగారు ఆ ఫోటోని కూడా అందుకున్నారు.

“ఉమాపతీ, ఈ రెండు పాఠశాలలూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయేమిటయ్యా?”

“లేదు సార్. ముందుది జీలుగువలస, వెనకది మన పెద్ద బడి. లెన్స్ అలా దగ్గరగా...”

“దగ్గరగా ఉన్నాయనే నేనూ అంటున్నాను. కిలోమీటరు లోపు రెండు పాఠశాలలుంటే చిన్నదానిని పెద్దదానిలో విలీనం చేయవలెనని నిబంధన. గోడకి గోడ ఆనుకుని ఉన్న పాఠశాలలను ఇన్నేళ్లుగా వేరువేరుగా నడిపారంటే పర్యవేక్షణా లోపం ఎంతటిదో గమనించు.”

“అది కంటికి అలా కనబడుతుంది గానీ సార్, కొలిస్తే రెండున్నర కిలోమీటర్లు.”

“ఎవరు కొలిచారు?”

“టేపుతో, సార్. బడి పెట్టినప్పుడు.”

“టేపు సాగుతుంది. వేసవిలో ఒకలా, చలికాలంలో ఒకలా ఉంటుంది. పట్టుకునేవాడి చేతిలో ఉంటుంది. కెమెరాకి స్వార్థం ఏముంటుందయ్యా?”

ఉమాపతికి జవాబు తెలుసు. కానీ నోట్లోంచి “చిత్తం సార్” అన్న మాట ముందు వచ్చేసింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆ మాట ఎప్పుడూ అందరికంటే ముందే వచ్చేది.

పది రోజుల్లో ‘దృశ్య దూర విధానం’ అమల్లోకి వచ్చింది. ఇకపై డివిజన్‌లో దూరాలన్నీ ఫోటోల ద్వారానే నిర్ధారించాలి. ఏ లెన్స్‌తో అన్న ప్రశ్న రాగానే, ‘నిత్యోపయోగ బహుళార్థసాధక కటక ఎంపిక సంఘం’ ఏర్పడింది. అందులో ఏడుగురు సభ్యులు. ఆరుగురు కెమెరా ముందు నిలబడ్డవాళ్లే తప్ప వెనక నిలబడ్డవాళ్లు కాదు. ఏడోవాడు ఉమాపతి, అతనికి ఓటు లేదు.

మొదటి సమావేశంలో, లెన్స్ నల్లగానే ఎందుకుండాలన్న అంశం మీద గంటన్నర చర్చ నడిచింది. రెండో సమావేశంలో సూపరింటెండెంట్ అప్పలస్వామిగారు లెన్స్‌ని కెమెరాకి బిగించి స్వయంగా చేతిలోకి తీసుకుని, కిటికీలోంచి అటూ ఇటూ తిప్పి చూసి ఉలిక్కిపడ్డారు.

“అయ్యా, ఇందులో లోపం ఉందండి. ఇటు తిప్పితే దూరం తగ్గుతోంది గానీ, అటు తిప్పితే పెరిగిపోతోందండి!”

సత్యకామేశ్వరంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“దూరం పెరగటం ప్రజాహితమా?”

“కాదండి.”

“కనుక పెరిగే వైపు తిరగకుండా తగు చర్యలు తీసుకోవలెను.”

తగు చర్యలు తీసుకున్నారు. లెన్స్‌ని మూడు వందల దగ్గర నిలిపి, చుట్టూ కరెంటు పని చేసేవాళ్ల నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టారు. దాని మీద లక్క వేసి కార్యాలయ ముద్ర కొట్టారు. ఎనిమిది నెలల ఆలోచనని అలా కట్టిపడేస్తుంటే ఉమాపతే టేపు చివర పట్టుకుని నిలబడ్డాడు. లెన్స్ అతని సొంతమని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ప్రజాప్రయోజనార్థం వాడుకుంటున్నట్టు రసీదు మాత్రం ఇచ్చారు.

ఆ తర్వాత లెన్స్‌కి తీరిక లేకుండా పోయింది. మిగతా శాఖలవాళ్లు కూడా అరువడిగారు. వంతెన కావాలని పన్నెండేళ్లుగా అర్జీలు పెడుతున్న ఊరికి వెళ్లి ఏటి రెండు ఒడ్లనూ ఫోటో తీస్తే, ఒడ్లు కలిసిపోయి కనబడ్డాయి, అర్జీ పరిష్కారమైంది. ఫైరింజను ఏ ఊరి ఫోటోలో చూసినా ఇంటి పక్కనే ఉంది. ఒకాయన పున్నమి ముందు రోజు సాయంత్రం తీసిన ఫోటోలో చంద్రుడు మండలాఫీసు డాబా మీద కూర్చుని ఉన్నాడు. అతన్ని ఏ పంచాయతీ కింద వేయాలో తేలక ఆ ఫైలు ఒక్కటి పెండింగులో ఉండిపోయింది.

జీలుగువలస ఫైలు మాత్రం ఆగలేదు. రెండు బళ్ల మధ్య దూరం ‘దృశ్యాధారంగా నలభై మీటర్లు’ అని తేల్చారు. సోమవారం నుంచి జీలుగువలస బడి మూత. పిల్లలు పెద్ద బడికి రావాలి. హైమావతి కూడా వాళ్లతో వచ్చి, తర్వాత ఏ ఊరికి పంపితే ఆ ఊరికి వెళ్లాలి.

ఆ ఉత్తర్వు టైపు చేసింది ఉమాపతే. ఇంటికి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఆమె రెండుసార్లు చదివింది.

“నలభై మీటర్లా? మన వంటింటి నుంచి వీధి చివర కొళాయి దాకా ఉంటాయి నలభై మీటర్లు. ఏటండీ ఇది?”

“నేను చెప్పాను హైమా. లెన్స్ వల్ల అని చెప్పాను.”

“ఎంత గట్టిగా చెప్పారు?”

ఉమాపతి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

“ఒకటో తరగతిలో ఆరుగురు ఉన్నారు. ఆ గట్టు మీద ఒక్క చెట్టు లేదు. వానొస్తే గెడ్డలో నీరు పొంగి గట్టు మీదికి వచ్చీస్తుంది. మగపిల్లల్ని రెండు వారాలు పంపుతారు, ఆడపిల్లల్ని రెండు రోజులు పంపుతారు. తర్వాత అందరూ మానీస్తారు. పదకొండేళ్లు ఇంటింటికీ తిరిగి పోగుచేసిన బడండీ అది. మీరు మెట్టెక్కి ఒక్క ఫోటో తీసి మూసీసారు.”

ఆ మాట ఉమాపతికి నేరుగా గుండెల్లో తగిలింది. అబద్ధమైతే కోపమైనా వచ్చేది.

సోమవారం పెద్ద బడి మేడ మీద షామియానా వేశారు. విలీన స్వాగత మహోత్సవం అని బ్యానరు. కాలువ గట్టు అక్కణ్నుంచి జీలుగువలస దాకా తిన్నగా గీత గీసినట్టు ఉంటుంది. స్టాండు మీద కెమెరా బిగించి, సీలు వేసిన లెన్స్‌తో సత్యకామేశ్వరంగారే స్వయంగా గట్టు వైపు చూస్తున్నారు. పక్కన పూలదండల బుట్ట, లడ్డూల పళ్లెం, ఇద్దరు విలేఖరులు. ఎనిమిదిన్నరకి ఆయన ముఖం వెలిగింది.

“వచ్చేశారు! అదిగో, ముందు టీచరు, వెనక పిల్లలు. బ్యాండు వాయించమనండి!”

బ్యాండు మొదలైంది. ఒక పాట అయింది. రెండో పాటా అయింది. సత్యకామేశ్వరంగారు మళ్లీ కన్నుపెట్టి చూశారు. పిల్లలు అక్కడే ఉన్నారు. చేతులు ఊపుతున్నారు, కాళ్లు ఎత్తి వేస్తున్నారు. ముందుకు మాత్రం రావడం లేదు.

“ఉమాపతీ, వీళ్లు నిలబడిన చోటే ఎందుకు నడుస్తున్నారయ్యా?”

“నడిచే వస్తున్నారు సార్. దూరం వల్ల కదలనట్టు కనబడతారు. ఇంకా చాలా...”

“ఏ దూరం? నలభై మీటర్లు! ఇక్కణ్నుంచి ఆ పిల్ల జడ రిబ్బను కనబడుతోంది నాకు.” ఆయన గొంతు పెంచి అప్పలస్వామిగారి వైపు తిరిగారు. “రాసుకోండి. పై విషయమై సదరు ఉపాధ్యాయిని విద్యార్థులను ఉద్దేశపూర్వకంగా ఉన్నచోటనే నడిపించుచున్నట్లు ప్రత్యక్షంగా గమనించడమైనది. సంజాయిషీ కోరవలెను.”

తొమ్మిదింటికి బ్యాండువాళ్లకు ఊపిరి అయిపోయింది. లడ్డూలకు చీమలు పట్టాయి. విలేఖరుల్లో ఒకాయన గడియారం చూసుకోవడం గమనించి సత్యకామేశ్వరంగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. “నలభై అడుగులేస్తే సరిపోయేదానికి ఇంత ఆలస్యమా? నేనే ఎదురెళ్లి చేయిపట్టి తీసుకొస్తాను,” అని ఒక దండ తీసుకుని మేడ దిగారు. గట్టు మీద కారు వెళ్లదు. కొత్త బూట్లతో నడక మొదలుపెట్టారు.

ఉమాపతి మేడ మీదే కెమెరాలోంచి చూస్తూ ఉండిపోయాడు. సత్యకామేశ్వరంగారి వీపు, ఆ వీపుకి ఆనుకునే పిల్లలు. ఇదిగో కలిశారు, ఇదిగో దండ వేస్తున్నారు అన్నట్టే ఉంది. పావుగంట గడిచినా అలాగే ఉంది. మధ్యలో ఫోను మోగింది.

“ఉమాపతీ, పిల్లలు ఎక్కడున్నారయ్యా?” రొప్పుతున్న గొంతు.

“మీ ముందే ఉన్నారు సార్. ఫోటోలో.”

పది గంటలు దాటాక అందరూ కలిసి వచ్చారు. ఒకటో తరగతి పిల్లల్లో ఇద్దరు ఏడుస్తున్నారు, ఒకమ్మాయి చెప్పు తెగి హైమావతి చంక ఎక్కింది. సత్యకామేశ్వరంగారు బూట్లు చేత్తో పట్టుకుని ఉన్నారు, దండ ఎక్కడో జారిపోయింది. లోపలికొచ్చి ఫ్యాను కింద కూలబడి రెండు చెంబుల నీళ్లు తాగారు. ఇప్పుడైనా అర్థమై ఉంటుందని ఉమాపతి ఆశగా చూశాడు.

సత్యకామేశ్వరంగారికి నిజంగానే ఒకటి అర్థమైంది. ఆ నెల మొదట్లోనే పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చి ఉంది. మారుమూల ప్రాంతానికి రెండు కిలోమీటర్లకు మించి కాలినడకన పర్యటించిన అధికారులను ఉత్తమ సేవా పతకానికి పరిశీలిస్తారట.

“నేను ఈ పొద్దున నడిచినది రెండు కిలోమీటర్లకు తక్కువుంటుందా?”

“ఎక్కువే ఉంటుంది సార్, రానూపోనూ.”

“దుర్గమ మార్గం. వెంటనే దృశ్యాధారం జతపరచవలెను. ఆ టేపు విప్పించు.”

సీలు పగలగొట్టారు. లెన్స్‌ని పద్దెనిమిదికి తిప్పి మేడ మీంచి ఫోటో తీశారు. కాలువ గట్టు సన్నని దారంలా సాగి సాగి ఆకాశంలో కలిసిపోయింది. జీలుగువలస ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతకాల్సి వచ్చింది. ‘అతి మారుమూల గ్రామం, దృశ్యాధారంగా దూరం తొమ్మిది కిలోమీటర్లు’ అని ధ్రువపత్రం తయారై, అధికారిగారి సంతకంతో మధ్యాహ్నానికి అదే ఫైల్లోకి వచ్చి చేరింది.

ఫైలు పట్టుకుని ఉమాపతి ఆయన గదిలోకి వెళ్లాడు.

“సార్, ఒకే ఫైల్లో రెండు దూరాలున్నాయి. మొదటి పేజీలో నలభై మీటర్లు, ముప్ఫై ఒకటో పేజీలో తొమ్మిది కిలోమీటర్లు. ఆడిట్‌వాళ్లు చూస్తే...”

సత్యకామేశ్వరంగారు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. బడి మూసిన ఘనత విడిచిపెట్టలేరు, రాబోయే పతకం అంతకన్నా విడిచిపెట్టలేరు. కొంతసేపటికి చిరునవ్వు నవ్వారు.

“ఇందులో వైరుధ్యం లేదయ్యా. మొదటి ఫోటో ఎటునుంచి ఎటు తీశావు?”

“జీలుగువలస నుంచి ఇటు.”

“రెండోది?”

“ఇటునుంచి జీలుగువలస వైపు.”

“అంతే కదా! జీలుగువలస నుంచి పట్టణానికి నలభై మీటర్లు. పట్టణం నుంచి జీలుగువలసకు తొమ్మిది కిలోమీటర్లు. రెండూ వాస్తవాలే. ఈ మేరకు వివరణాత్మక ఉత్తర్వు పెట్టు.”

ఉమాపతి “చిత్తం సార్” అన్నాడు. కానీ ఈసారి ఆ మాట వెనకనుంచి ఇంకేదో ఆలోచన పైకి వస్తున్నట్టు అనిపించింది. ఉత్తర్వు ఒక్క అక్షరం వదలకుండా టైపు చేశాడు, సంతకం చేయించాడు, నంబరు వేయించాడు. ఒక నకలు తీసి ప్యూను చేత పంపకుండా తనే ఆఫీసు పక్కనున్న పెద్ద బడికి వెళ్లి హైమావతికి ఇచ్చాడు.

ఆమె చదివి తలెత్తింది. “ఇది మీ ఆఫీసరు సంతకమేనా?”

“ముద్ర కూడా ఉంది. మన నిబంధన ఇంకొకటి ఉంది కదా, కిలోమీటరు మించిన దూరం చిన్నపిల్లల్ని నడిపించకూడదని. నీకు గుర్తుందో లేదో అని చెప్తున్నాను.”

హైమావతి మొగుణ్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

నాలుగున్నరకి బడి గంట కొట్టారు. అయిదు నిమిషాలకి ఇరవై ముగ్గురు పిల్లలూ వరసగా డివిజన్ విద్యాధికారి గదిలోకి వచ్చి, చెప్పులు బయట విప్పి, తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

“ఏమిటిది?” అన్నారు సత్యకామేశ్వరంగారు.

“పొద్దున్న రావడానికి ఇబ్బంది లేదు సార్, నలభై మీటర్లే,” అంది హైమావతి వినయంగా. “ఇళ్లకు వెళ్లడానికి మాత్రం మీ ఉత్తర్వు ప్రకారం తొమ్మిది కిలోమీటర్లు. అంత దూరం నడిపిస్తే నా మీద చర్య తీసుకోవలసి వస్తుంది. వసతి చూపించే బాధ్యత కార్యాలయానిదని నిబంధనలో రాసుంది సార్.”

అప్పలస్వామిగారు నిబంధనల పుస్తకం తెప్పించి చూశారు. “ఉందండి. పరుపు, దుప్పటి, రాత్రి భోజనం కూడా ఉన్నాయండి.”

అంతలో వసారాలో అలికిడైంది. జీలుగువలసలో మధ్యాహ్న భోజనం వండే పైడమ్మ, ఆమె వెనక పదిహేనుమంది తల్లులు, ముగ్గురు ముసలాళ్లు, రెండు మేకలు.

“మీరెందుకు వచ్చారమ్మా?”

“టీచరమ్మ కబురెడితే పిల్లల కోసం వొచ్చీసినాం బాబూ. దగ్గిరే గదేటి, నలబై మీటర్లని మీరే రాసినారంట.”

“సరే, తీసుకువెళ్లండి!”

“ఎలాగ తీసుకెల్తాం బాబూ? ఎల్లడానికి తొమ్మిది కిలోమీటర్లంట గదా. పొద్దుగూకితే గట్టు మీద పాములు. ఈయేళకి ఇక్కడే ఉండిపోతాం.” పైడమ్మ గది నాలుగు మూలలా చూసింది. “పొయ్యి ఎక్కడ పెట్టుకోమంటారు?”

ఒక మేక ఉత్తర్వుల ట్రేలో మూతి పెట్టింది. ఒకటో తరగతి పిల్లాడికి నిద్రొచ్చి అధికారిగారి బూట్ల మీద తలపెట్టి పడుకున్నాడు. సత్యకామేశ్వరంగారు తన కారులో పంపిస్తానన్నారు, గట్టు మీద కారు వెళ్లదని అప్పలస్వామిగారు గుర్తుచేశారు. పోనీ ఊరివైపు తిరిగి కాకుండా వెనక్కి నడుచుకుంటూ వెళితే నలభై మీటర్లే అవుతుందేమో ఆలోచించమన్నారు. పైడమ్మతో సహా గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. అంత మంది కళ్లు ఒక్కసారి మీద పడితే ఎలా ఉంటుందో ఆయనకు సర్వీసులో మొదటిసారి తెలిసింది.

“ఉమాపతీ,” అన్నారు చివరికి, గొంతు తగ్గించి. “నిజంగా ఎంత దూరమయ్యా?”

మూడు నెలల్లో ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

“రెండున్నర కిలోమీటర్లు సార్. ఎటునుంచి నడిచినా.” ఈసారి ఉమాపతికి ‘చిత్తం’ అన్న మాట ముందు రాలేదు. తనకే ఆశ్చర్యమేసింది.

విలీనం రద్దు ఉత్తర్వు అక్కడికక్కడే చేత్తో రాయించారు. శాఖ ఎన్నడూ పొరపాటు చేయదు కాబట్టి కారణం ఇలా చూపించారు: ‘ఇటీవలి వర్షముల వలన జీలుగువలస గ్రామమునకు గల దూరము గణనీయంగా పెరిగినందున...’ ఆ నెలలో చినుకు పడలేదు. హైమావతి దాన్ని నవ్వు ఆపుకుంటూ చదివి, మడిచి బొడ్లో దోపుకుంది.

పొద్దుండగానే అందరూ బయల్దేరారు. నిద్రపోతున్న పిల్లాణ్ని ఉమాపతి భుజాన వేసుకున్నాడు. కెమెరా ఆఫీసులోనే ఉండిపోయిందని అప్పలస్వామిగారు వెనకనుంచి కేకేసినా అతను ఆగలేదు. గంటకు పైగా నడిస్తే జీలుగువలస వచ్చింది. పిల్లాడు బరువెక్కి భుజం లాగేసింది. ఎంత దూరం నడిచామని హైమావతి అడిగితే, పిల్లల కాళ్లకి చాలా దూరం అన్నాడు.

మర్నాడు తొమ్మిదికి జీలుగువలస బడి తలుపు తీశారు. ఇరవై ముగ్గురూ రెండు నిమిషాల్లో వచ్చి కూర్చున్నారు.